కొలువు తాంబూలంలో ఏం పెడదాం? వంద రూపాయల లోపు చిన్న కానుకల పోలిక

దసరా కొలువు పెట్టే ఇంట్లో బొమ్మల గురించి పెద్దగా టెన్షన్ ఉండదు. అటక మీద నుంచి పెట్టె దిగుతుంది, పాత చీరల మడతల్లోంచి బొమ్మలు బయటికొస్తాయి, మెట్ల మీద కూర్చుంటాయి. ఆలోచనంతా తాంబూలం దగ్గరే. తిరుపతిలో మా ఇంటికి ఆ తొమ్మిది సాయంత్రాల్లో కలిపి 40 మందికి తక్కువ కాకుండా పేరంటాళ్ళు వస్తారు. ఆకు, వక్క, అరటిపండు, పసుపు, కుంకుమ, పూలు ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు చేతిలో పెట్టే చిన్న వస్తువు ఏమిటన్నదే ప్రశ్న. ఇప్పుడు దానికి రిటర్న్ గిఫ్ట్ అని పేరొచ్చింది గానీ, మా అత్తమ్మ ఇప్పటికీ వాయనమనే అంటుంది.

నాలుగేళ్ళ కిందట నేను 50 ప్లాస్టిక్ డబ్బాలు కొన్నాను. ఒక్కోటి 35 రూపాయలు. రంగురంగులుగా ఉన్నాయి, బరువు లేవు, మోసుకురావడం సులువు. మరుసటి ఏడు ఓ స్నేహితురాలు ఇల్లు మారుతుంటే సామాను సర్దడానికి వెళ్ళాను. వంటింటి పై అరలో అలాంటి డబ్బాలే ఒకదానిలో ఒకటి దూర్చిన దొంతరలు కనిపించాయి. అందులో నేనిచ్చింది కూడా ఉంది, మూత మీద ధర కాగితం ఊడకుండానే. "పండక్కి ఇచ్చింది కదా, పారేయబుద్ధి కాదు. వాడదామంటే వేడిది పెట్టలేం, మూత సరిగ్గా పట్టదు" అంది. నాకు చాలా బాధేసింది. అభిమానంతో ఇచ్చిన వస్తువు ఆమె ఇంట్లో చోటు ఆక్రమించడం తప్ప ఇంకేమీ చేయలేదు.

అప్పట్నుంచి ప్రతి దసరాకీ రకరకాలవి ఇచ్చి చూస్తున్నాను. మాఘమాసం వచ్చేలోపు ఎక్కడో ఒకచోట కలుస్తాం కదా, "అది వాడారా?" అని అడుగుతున్నాను. మొహమాటపడేవాళ్ళు ఉంటారు గానీ, వాడినవాళ్ళు వెంటనే చెబుతారు. కింద రాసినదంతా అలా తెలుసుకున్నదే. ధరలు నాకు అయినవి. సీజన్‌ని బట్టి, బేరాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి.

అట్ట మీద రాత కాదు, వాడకం చూడాలి

"పర్యావరణహితం" అని పెట్టె మీద రాసి ఉందా అన్నది నేనిప్పుడు చూడను. తీసుకెళ్ళిన ఇంట్లో నెల లోపల అది వాడకంలోకి వస్తుందా, వాడాక ఏం మిగులుతుంది, మిగిలినది ఎక్కడికి పోతుంది అని మాత్రమే చూస్తాను. ఓ ఏడాది ఆన్‌లైన్‌లో వెదురు టూత్‌బ్రష్‌లు తెప్పించాను. పిడి వెదురే, కుచ్చు మాత్రం నైలాన్. ఒక్కో బ్రష్ ఒక్కో ప్లాస్టిక్ కవర్లో, అన్నీ కలిపి బుడగల కవర్లో చుట్టి వచ్చాయి. కానుక కంటే చుట్టిన చెత్తే ఎక్కువగా కనిపించింది.

ఇంకో సంగతి. కానుక సంగతి తర్వాత, తాంబూలంలో మొదట మార్చాల్సింది పసుపు, కుంకుమ ప్యాకెట్లు. అంగట్లో దొరికే ఆ చిన్న మెరుపు కవర్లు ఒక్కొక్కరికి రెండు చొప్పున 40 మందికి 80. అంత చిన్నవి కాబట్టి చెత్త ఏరేవాళ్ళు కూడా వాటిని ఏరరు, నేరుగా కాలవలోకే పోతాయి. పావుకిలో పసుపు, పావుకిలో కుంకుమ విడిగా కొని, పాత క్యాలెండర్ కాగితంతో పొట్లాలు కడితే ఒక సాయంత్రంలో పని అయిపోతుంది. మా ఇంట్లో పిల్లలు కడతారు. ఖర్చు కూడా తక్కువే పడుతుంది. ఈ ఒక్కటి చేసి, కానుకే ఇవ్వకపోయినా నా లెక్కలో అది మంచి తాంబూలమే.

సంచి ఇద్దామా?

అందరికీ మొదట తోచేది సంచే. నాకూ అదే తోచింది. కానీ సంచుల్లో ఉన్నంత మోసం ఇంక దేంట్లోనూ లేదు, అందుకే దీని గురించి ఎక్కువ చెబుతాను.

గాంధీ రోడ్డులో, తీర్థకట్ట వీధిలో తాంబూలం సంచులు కట్టలు కట్టలుగా దొరుకుతాయి. వెంకటేశ్వరస్వామి బొమ్మో, లక్ష్మీదేవి బొమ్మో, "శుభకార్యం" అన్న అక్షరాలో వేసి ఉంటాయి. ఒక్కోటి 10 నుంచి 15 రూపాయలు. ముట్టుకుంటే బట్టలాగే ఉంటుంది. అది బట్ట కాదు. నాన్‌వోవెన్ అంటారు, అంటే నేయనిది. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగులను వేడితో అదిమి అతికిస్తారు. ప్రభుత్వ నిబంధనలు కూడా దాన్ని ప్లాస్టిక్ కిందే లెక్కేశాయి. 2021 సెప్టెంబర్ 30 నుంచి చదరపు మీటరుకు 60 గ్రాముల కంటే పల్చగా ఉన్న నాన్‌వోవెన్ సంచులను నిషేధించారు. మామూలు ప్లాస్టిక్ క్యారీబ్యాగులకైతే 2022 డిసెంబర్ 31 నుంచి కనీసం 120 మైక్రాన్ల మందం ఉండాలన్నారు. అంటే "బట్ట సంచి ఇచ్చాం" అని మనం అనుకుంటున్నది నిజానికి ప్లాస్టిక్ సంచే. కొన్ని నెలలు ఎండ తగిలితే పొడిపొడిగా రాలడం మొదలవుతుంది. ఆ పొడిని ఏరి తీయడం ఎవరి వల్లా కాదు.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తే నేసిన బట్టలో పడుగు, పేక కనిపిస్తాయి. నాన్‌వోవెన్‌లో అవి ఉండవు, చిన్న చిన్న అచ్చు గుంటలు ఉంటాయి. ఇంకా అనుమానంగా ఉంటే ఓ మూల చిన్న ముక్క కత్తిరించి అగ్గిపుల్ల చూపించండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. ప్లాస్టిక్ ముడుచుకుపోయి గట్టి పూసలా మిగులుతుంది.

జనపనార సంచులు 60 నుంచి 90 రూపాయల దాకా ఉన్నాయి. గట్టివే. అయితే లోపలివైపు వేలితో రుద్ది చూడండి. చాలావాటికి సన్నని ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది, నీటి చుక్క వేస్తే లోపలికి ఇంకదు. తాంబూలానికని అమ్మేవి మరీ చిన్నవి. కొబ్బరికాయ, రెండు పళ్ళు పెడితే నిండిపోతాయి, తర్వాత కూరగాయలకు పనికిరావు. ఇంట్లో అలాంటివి నాలుగు ఉంటే ఐదోది ఎవరికీ అక్కర్లేదు.

కొత్త కాటన్ సంచి మేలు కదా అంటే, మేలే, కానీ ఒక షరతు ఉంది. 2011లో బ్రిటన్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ వేసిన లెక్క ఒకటుంది. ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచి కంటే భూతాపం విషయంలో కాటన్ సంచి మెరుగు కావాలంటే దాన్ని కనీసం 131 సార్లు వాడాలట. పత్తికి నీళ్ళు, ఎరువులు, మిల్లులో కరెంటు అంత ఖర్చవుతాయి. ప్లాస్టిక్ సంచి ఆవు కడుపులోకి పోవడం, కాలవకి అడ్డుపడటం ఆ లెక్కలో లేవు, కాబట్టి ప్లాస్టిక్కే మంచిదని దాని అర్థం కాదు. కానీ అందరికీ కొత్త కాటన్ సంచులు పంచిపెట్టి, అవి బీరువాలో పడి ఉంటే మనం చేసింది మేలు కాదన్నది మాత్రం నిజం.

అందుకని పాత చీరలతో కుట్టిద్దామని అనుకున్నాను. మా అత్తమ్మ ఒప్పుకోలేదు. "పేరంటానికి వచ్చిన ముత్తైదువ చేతిలో కట్టి విడిచిన బట్ట పెడతామా?" అంది. ఆమె మాటలో న్యాయం ఉంది, వచ్చేవాళ్ళలో కూడా చాలామందికి అదే పట్టింపు ఉంటుంది. దారి కూడా ఆమే చూపించింది. ప్రతి ఇంట్లో మడత విప్పని పెట్టుబడి చీరలు ఉంటాయి. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో పెట్టినవి, రంగు నచ్చకో, బట్ట నచ్చకో అలాగే ఉండిపోయినవి. మా బీరువాలోనే ఐదు దొరికాయి. అవి కట్టినవి కావు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. ఐదున్నర మీటర్ల చీరకి 12 సంచులు వచ్చాయి. మా వీధి చివరి టైలర్ ఒక్కో సంచికి 20 రూపాయలు తీసుకున్నాడు. సింథటిక్ చీరైనా ఫర్వాలేదు. ఎలాగూ తయారై ఉన్న బట్ట, కొత్తగా ఏదీ తయారుకాలేదు, పైగా బరువుకి బాగా ఆగుతుంది. ఆ ఏడాది ఇచ్చిన సంచుల్లో సగానికి పైగా ఇప్పటికీ రైతుబజార్లో నా కంటపడుతుంటాయి. నేను ఇచ్చిన కానుకల్లో ఇంతగా వాడకంలో ఉన్నది మరొకటి లేదు.

కలంకారీ: పక్కనే ఉంది, కానీ వందకి రాదు

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి గంట ప్రయాణం. బయటి ఊళ్ళ చుట్టాలకి ఏదైనా ఇవ్వాలంటే మనకు మొదట గుర్తొచ్చేది కలంకారీయే. ప్రకృతి రంగులు కాబట్టి ఇది మంచి ఎంపికే కదా అనిపిస్తుంది. నిజమైన కలంకారీ అయితే నూటికి నూరుపాళ్ళూ అవును.

ఎందుకంటే ఆ పని తీరే అలాంటిది. ముడి నూలుబట్టను కరక్కాయ రసంలో, గేదెపాలలో నానబెట్టి ఎండేస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిస్తే నల్లరంగు వస్తుంది. ఆ నల్లరంగు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రోజుల తరబడి పులియబెడతారు, దాన్ని కసిమి అంటారు. వెదురు పుల్లకి బట్ట చుట్టి దారం కట్టిందే కలం. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు పూసి, చెట్ల వేళ్ళు, బెరడు వేసిన నీళ్ళలో ఉడకబెడతారు. పసుపుకి దానిమ్మ తొక్కలు, కరక్కాయ పువ్వు. నీలానికి నీలిమందు. ఒక్కో రంగుకీ ఒక్కోసారి ఉతకాలి, ఎండబెట్టాలి. ఇంత పని ఉంది కాబట్టే ఈ కళకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఈ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టిని 2008లో పద్మశ్రీ వరించింది.

ఇప్పుడు ఆలోచించండి. ఇంత పని జరిగిన బట్ట 60 రూపాయల పర్సుగా ఎలా వస్తుంది? రాదు. కొండకు వెళ్ళే దారిలో, బస్టాండు చుట్టుపక్కల ఆ ధరకి కలంకారీ అని అమ్మేవి దాదాపు అన్నీ మిషన్ మీద అచ్చేసినవే. చేత్తో గీసినదాన్లో గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది, ఒకే బొమ్మ రెండుసార్లు వచ్చినా రెండూ సరిగ్గా ఒకేలా ఉండవు. అచ్చు వేసినదాన్లో ప్రతి నెమలీ ఒకే నెమలి. బట్ట తిప్పి చూస్తే వెనకవైపు వెలవెలబోతూ ఉంటుంది. మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో వేసే కలంకారీ వేరే సంప్రదాయం, అదీ చేతిపనే, దాన్ని మిషన్ ప్రింటుతో కలపకూడదు.

అచ్చు వేసిన నూలు పర్సు ఇవ్వడం తప్పేమీ కాదు. చిల్లర వేసుకోవడానికి, మందులు పెట్టుకోవడానికి వాడతారు. కాకపోతే కలంకారీ ధర పెట్టి కొనొద్దు, కలంకారీ అని చెప్పి ఇవ్వొద్దు. నా సలహా: 40 మందికి దీని జోలికి పోకండి. మనసుకు దగ్గరైన ఇద్దరు ముగ్గురికి మాత్రం శ్రీకాళహస్తి వెళ్ళి, గీసేవాళ్ళ ఇంట్లోనే చిన్న ముక్క కొనండి. పెద్ద పని చేయగా మిగిలిన ముక్కలు, నేర్చుకునే పిల్లలు గీసినవి తక్కువలో ఇస్తారు. ఆ డబ్బు నేరుగా చేసిన చేతికి అందుతుంది.

చెక్క బొమ్మలు, ఎర్రచందనం

కొలువు కానుకకి బొమ్మను మించిన వస్తువు లేదనేవాళ్ళున్నారు. పై మెట్టు మీద పెట్టే రాజారాణి చెక్క బొమ్మలు, మరపాచి బొమ్మలు, ఒకప్పుడు తిరుపతి నుంచే దక్షిణాదంతా వెళ్ళేవి. కూతురికి పెళ్ళి చేసి పంపేటప్పుడు ఆ జంటను ఇచ్చేవాళ్ళు. అవి ఎర్రచందనంతో చేసినవి. ఆ చెట్టు శేషాచలం, దాని చుట్టుపక్కల తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. స్మగ్లింగ్ వల్ల అది ఏ స్థితికి వచ్చిందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. అంతర్జాతీయ వాణిజ్యం మీద కూడా ఆంక్షలున్నాయి. కాబట్టి రోడ్డు పక్కన ఎవరైనా "ఎర్రచందనం బొమ్మ, 100 రూపాయలకే" అంటే రెండే అర్థాలు: మామూలు చెక్కకి ఎర్ర రంగు వేశారు, లేదా అది రాకూడని దారిలో వచ్చింది. రెండింటిలో ఏదైనా కొనకండి. అంతగా కావాలంటే బిల్లు ఇచ్చే చోట, లైసెన్సు ఉన్న కళాకారుల దగ్గర తీసుకోవాలి, అప్పుడు అది చిన్న కానుక ధరలో ఉండదు.

శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో చెక్క మీద దేవుళ్ళను చెక్కే కుటుంబాలున్నాయి. పని చూడముచ్చటగా ఉంటుంది, పంచిపెట్టే ధర కాదు. 100 రూపాయల్లో చెక్క వస్తువు కావాలంటే లేపాక్షి షోరూంలో దొరికే ఏటికొప్పాక కుంకుమ భరిణలు చూడండి. అంకుడు కర్రని లేత్ మీద తిప్పి చెక్కి, లక్కలో విత్తనాలు, బెరళ్ళు, వేళ్ళ నుంచి తీసిన రంగులు కలిపి పూస్తారు. చిన్నవి బడ్జెట్లో వస్తాయి. ప్రతి ఇంట్లో రోజూ చేయి తగిలే వస్తువు. అయితే ఇప్పటికే రెండు మూడు భరిణలున్న పెద్దవాళ్ళకంటే, కొత్తగా కాపురం పెట్టినవాళ్ళకి ఇస్తే బాగా వాడతారు.

మట్టి ప్రమిదలు, వత్తులు

నేను చివరికి వచ్చి ఆగింది ఇక్కడే.

పలమనేరు చుట్టుపక్కల కుమ్మరులు టెర్రకోట పని బాగా చేస్తారు. అక్కడి కుండలు, బొమ్మలు, దీపాలు తిరుపతి, చిత్తూరు రోడ్ల పక్కన కూడా అమ్మకానికి వస్తాయి. మామూలు ప్రమిద 3 నుంచి 5 రూపాయలు, కాస్త పెద్దది, అంచు తీర్చినది 8 నుంచి 10. దసరా తర్వాత 20 రోజులకి దీపావళి. మర్నాటి నుంచి కార్తీకమాసం. అంటే తీసుకెళ్ళిన ప్రమిద నెల తిరక్కుండా వెలుగుతుంది. ఏ ఇంట్లోనూ "ఇది ఎక్కడ పెట్టాలి" అన్న ప్రశ్న రాదు.

ఇక్కడ కూడా రంగు వేసినవి, వేయనివి పక్కపక్కనే పెట్టి అమ్ముతారు. ఎనామిల్ రంగు, మెరుపు పొడి, అద్దాల బిళ్ళలు అతికించినవి 20, 30 రూపాయలు చెబుతారు. వత్తి సెగకి ఆ రంగు కాలి వాసనొస్తుంది, మెరుపు పొడి మొత్తం ప్లాస్టిక్కే. కడిగితే కాలవలోకి పోతుంది. రంగు వేయని ఎర్రమట్టి ప్రమిదే తీసుకోండి. అలంకారం కావాలంటే సున్నంతోనో, బియ్యప్పిండి పేస్టుతోనో చుట్టూ నాలుగు చుక్కలు పెట్టండి, చాలు. ఒక మాట మాత్రం ఇచ్చేటప్పుడు చెప్పాలి: వెలిగించే ముందు ప్రమిదను నాలుగైదు గంటలు నీళ్ళలో నానబెట్టి ఆరబెడితే నూనె పెద్దగా పీల్చదు. నానబెట్టకపోతే సగం నూనె మట్టే తాగేస్తుంది, కింద గచ్చు మీద మరక పడుతుంది. ఇది తెలియక "మట్టి ప్రమిదలు కారిపోతాయి" అని పక్కన పెట్టేసినవాళ్ళను చూశాను.

మట్టి మట్టిలో కలిసిపోతుందని అంటారు గానీ కాల్చిన మట్టి అలా కరగదు. పెంకుగా ఎన్నో ఏళ్ళు ఉంటుంది. కానీ ఆ పెంకు ఎవరికీ హాని చేయదు. మా ఇంట్లో పగిలిన ప్రమిదల్ని పూలకుండీ అడుగున వేస్తాం, నీళ్ళు బాగా దిగుతాయి.

ప్రమిద ఒక్కటే ఇస్తే చేతికి వెలితిగా ఉంటుంది. దానికి జోడీ 365 వత్తుల కట్ట. కార్తీక పౌర్ణమికి ఏడాది మొత్తానికీ కలిపి 365 వత్తులు వెలిగించే ఆచారం మన వైపు ఎంత బలంగా ఉందో తెలుసు కదా. ఆ రోజు పొద్దున కపిలతీర్థం దగ్గర ఆ కట్టలకి ఎంత గిరాకీ ఉంటుందో చూస్తే అర్థమవుతుంది. ముందే చేతికందితే ఎవరికైనా సంతోషమే. నాకు కట్ట 30 రూపాయలు పడింది. అంగట్లో కొనే బదులు ఇంట్లో వత్తులు చేసి అమ్మే పెద్దావిడ ఎవరైనా మీ వీధిలో ఉంటే ఆమెకే చెప్పండి. పత్తి తెచ్చిస్తే కూలి మాత్రమే తీసుకునేవాళ్ళూ ఉన్నారు. మా వీధిలో అలాంటావిడకి నెల ముందు చెబితే 40 కట్టలు నిదానంగా చేసిచ్చింది. అంగట్లో కొంటే ఒక వత్తి కాల్చి చూడండి, కాగితం కాలిన వాసన రావాలి. వత్తి కాలిపోయాక ఏమీ మిగలదు. ఇంతకంటే శుభ్రమైన కానుక నాకు ఇంకా కనిపించలేదు.

అగరుబత్తీలు

టీటీడీ ఆలయాల్లో వాడిన పూలతో చేసే అగరుబత్తీలు 2021 సెప్టెంబర్‌లో మొదలయ్యాయి. ఏడుకొండలకి గుర్తుగా ఏడు రకాలు. పూలు చెత్తలోకి పోకుండా ఇలా ఉపయోగపడటం నాకు చాలా నచ్చిన పని. బయటి ఊళ్ళవాళ్ళకి ఇది మంచి కానుక, స్వామి దగ్గర నుంచి వచ్చిందన్న భావం ఉంటుంది. తిరుపతిలోనే ఉండేవాళ్ళు మాత్రం ఎలాగూ కొనుక్కుంటారు. పొగ పడనివాళ్ళు, ఉబ్బసం ఉన్నవాళ్ళు, చంటిపిల్లలు ఉన్న ఇళ్ళకి ఇవ్వకండి.

తినేవి, ఒంటికి రాసుకునేవి

చెనక్కాయల ఉండలు మా అమ్మవాళ్ళ చిత్తూరు వైపు కానుక. చెనక్కాయలు, బెల్లం రెండూ మన నేలవే. కిలో వేయించిన చెనక్కాయలకి ముప్పావు కిలో బెల్లం పాకం పడితే నిమ్మకాయంత ఉండలు 60 దాకా వస్తాయి. బెల్లం మరీ తెల్లగా, పసుపుగా మెరిసేది కొనొద్దు, అది మందు వేసి రంగు తీసినది. కాస్త ముదురు రంగులో ఉన్నదే రుచి, పాకమూ బాగా పడుతుంది. మనిషికి మూడు ఉండలు అడ్డాకు దొన్నెలో పెట్టి, పైన ఇంకో ఆకు కప్పి దారం కడితే ప్లాస్టిక్ అవసరమే రాదు. ఖర్చు మనిషికి 20 రూపాయలు దాటదు.

ఇబ్బంది ఏమిటంటే ఓపిక. తొమ్మిది రోజులకి సరిపడా ఒకేసారి చేస్తే ఆకులో ఉన్నవి మెత్తబడతాయి, చీమలు పడతాయి. మూడు రోజులకోసారి చేయాలి. షుగర్ ఉన్నవాళ్ళు మొహమాటానికి తీసుకుని ఇంకొకరికి ఇస్తారు. వాళ్ళకి ఉప్పు, కారం వేసి వేయించిన పప్పులు ఓ పొట్లం కట్టిస్తే సంతోషిస్తారు.

సున్నిపిండి కూడా ఇచ్చి చూశాను. పెసలు, శనగపప్పు, బియ్యం, కస్తూరి పసుపు, ఎండిన గులాబీ రేకులు కలిపి మర పట్టించి కాగితం కవర్లో 100 గ్రాములు. 35 రూపాయలు అయింది. దీపావళి తలంటుకి వాడేశామని చాలామంది చెప్పారు. ప్రమిద, వత్తుల తర్వాత రెండో స్థానం దీనిదే. వానలు ముదిరితే మాత్రం కాగితం కవర్లో పురుగు పడుతుంది, అక్టోబర్, నవంబర్‌లో మనకి ముసుర్లు పడతాయి కాబట్టి నెలలోపు వాడమని చెప్పి ఇవ్వాలి.

జాకెట్ ముక్క, మొక్క

జాకెట్ ముక్క తాంబూలానికి నిండుదనం ఇస్తుంది, నేను కాదనను. కానీ 25, 30 రూపాయల పాలిస్టర్ ముక్క ఎవరూ కుట్టించుకోరు. ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి, అక్కడి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతూనే ఉంటుంది. ఒకసారి నేనిచ్చిన ముక్క రెండేళ్ళకి నాకే తిరిగొచ్చింది, మడత మీద నేను పెట్టిన పసుపు చుక్కతో సహా. ఇవ్వాలనుకుంటే నూలుది, మీటరుకి తగ్గకుండా, 80 నుంచి 100 రూపాయల్లో ఇవ్వండి. అందరికీ కుదరకపోతే దానికి బదులు నగరి, పుత్తూరు వైపు మగ్గాల మీద నేసిన చిన్న నూలు తువ్వాలు 40, 50 రూపాయల్లో వస్తుంది. చేతులు తుడుచుకోవడానికి రోజూ వాడతారు, దాన్ని ఎవరూ ఇంకొకరికి తిప్పి ఇవ్వరు.

మొక్కలు ఫొటోలో బాగుంటాయి. నేను పుదీనా, కరివేపాకు మొక్కలు 25 మందికి ఇచ్చాను. సంక్రాంతికి బతికి ఉన్నవి ఏడు. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళకి ఎండ రాదు, బస్సులో వచ్చినవాళ్ళకి మోసుకెళ్ళడం కష్టం, ప్రతి మొక్కకీ నర్సరీవాళ్ళ నల్ల ప్లాస్టిక్ కవర్ ఒకటి తప్పదు. పెరడు ఉన్న ఇళ్ళకి, అడిగి ఇవ్వండి. మిగతావాళ్ళకి వద్దు.

ఎవరికి ఏది, ఎంత అవుతుంది

40 మందికి నేను ఈసారి అనుకుంటున్నది ఇది. పెద్ద ప్రమిదలు రెండు 16 రూపాయలు, వత్తుల కట్ట 30, పెట్టుబడి చీర సంచి కుట్టుకూలి 20. మనిషికి 66, మొత్తం 2,640. ప్లాస్టిక్ డబ్బాలైతే 1,400లో అయిపోయేది. తేడా ఉంది, దాచను. అంత పెట్టలేమనుకుంటే సంచి మానేయండి, 46 రూపాయలకి దిగుతుంది, 40 మందికి 1,840. ఇంకా తగ్గించాలంటే రెండు చిన్న ప్రమిదలు, చెనక్కాయల ఉండలు చాలు, 30 రూపాయలలోపే అవుతుంది. చేతిలో డబ్బు తక్కువ, సమయం ఎక్కువ ఉన్నవాళ్ళకి ఇదే సరైనది. ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళకి వత్తులు, తువ్వాలు లాంటి కొని ఇచ్చేవే నయం.

పిల్లలు తల్లుల వెంట వస్తారు, వాళ్ళని మర్చిపోవద్దు. ప్లాస్టిక్ బొమ్మల బదులు ఏటికొప్పాక బొంగరం ఇచ్చి చూడండి, ఆ సాయంత్రం మా హాల్లో గచ్చంతా బొంగరాలే. వయసైనవాళ్ళకి సున్నిపిండి కంటే వత్తులే ఇష్టం. కార్తీక దీపాలు పెట్టని ఇళ్ళవాళ్ళు, వేరే మతంవాళ్ళు మా కొలువు చూడ్డానికి వస్తుంటారు, వాళ్ళకి తువ్వాలు, ఉండలు విడిగా పక్కన పెట్టి ఉంచుతాను.

గుగ్గిళ్ళు పెట్టే కప్పుల సంగతి కూడా చూసుకోండి. పేపర్ కప్పులకి లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. కానుక అంత ఆలోచించి ఇచ్చి, రోజూ ఆ కప్పులు చెత్తలో వేస్తే మనసొప్పదు. గుళ్ళో ప్రసాదం పెట్టే ఆకు దొన్నెలే తెచ్చుకోండి, వంద దొన్నెల కట్ట తొమ్మిది రోజులకీ సరిపోతుంది.

కొనుగోళ్ళు మహాలయ పక్షంలోపే ముగించండి. తిరుమల బ్రహ్మోత్సవాలు మొదలైతే, అందులోనూ గరుడసేవ ముందు రెండు రోజులు, ఊళ్ళో బండి తీయలేం, ధరలూ పెరుగుతాయి. టైలర్‌కి వినాయక చవితి కాగానే చీరలు ఇచ్చేయాలి, తర్వాత వాళ్ళు పండగ జాకెట్లతో తల ఎత్తరు. సంచి కొలత చెప్పేటప్పుడు వెడల్పు 14 అంగుళాలు, ఎత్తు 16 అనండి. పట్టీలు చీర అంచుతోనే వేయమనండి, గట్టిగా ఉంటాయి. పట్టీ అతికే చోట రెండుసార్లు అడ్డంగా కుట్టమని మాత్రం మర్చిపోకుండా చెప్పండి. మొదటి ఏడాది నేను చెప్పలేదు, రెండు కిలోల టమాటాలకే మూడు సంచుల పట్టీలు ఊడొచ్చాయి.